రేకుల మీది రాళ్లు దించడం ఎలా? ఎండకీ భూకంపానికీ కలిపి ఒకటే మరమ్మతు

మహారాష్ట్రలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు నుంచీ, ఇటు సిరొంచ, రాజురా, చంద్రపూర్ వైపు నుంచీ ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది: "రేకుల మీద రాళ్లు ఉండొద్దంటున్నారు. తీసేస్తే ఎండాకాలం గాలిదుమారానికి రేకులు లేచిపోతాయి. మరెట్ల?" దాని వెనకే ఇంకోటి: "పైన మట్టి పోస్తే ఇల్లు చల్లగా ఉంటది కదా, పోయమంటారా?"

రెండోదానికి జవాబు చిన్నది: పోయకండి. మొదటిదానికి కొన్ని రోజుల పని ఉంది. ఆ పని చేసేటప్పుడే ఎండ సంగతి కూడా తేల్చుకోవచ్చు, ఎలాగూ పైకి ఎక్కుతున్నారు కాబట్టి.

2024 మార్చి 21న పొద్దున 6 గంటలప్పుడు హింగోలి జిల్లాలో పది నిమిషాల తేడాతో 4.5, 3.6 తీవ్రతతో రెండుసార్లు భూమి కదిలింది. రేకుల మీద రాళ్లు పెట్టుకున్నవాళ్లు తీసేయాలని నాందేడ్ జిల్లా అధికారులు చెప్పింది అప్పుడే. జూలై 10న అక్కడే మళ్లీ 4.5 వచ్చింది. డిసెంబర్ 4న ములుగు దగ్గర వచ్చిన 5.3 అదురు గోదావరి దాటి గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లోనూ తెలిసింది. ఇంతపాటి కదలికకు గట్టి గోడ పడదు. కానీ రేకు మీద ఊరికే కూర్చోబెట్టిన పది పదిహేను కిలోల రాయి దొర్లుతుంది. అది పడేది చూరు దగ్గర, అంటే మీరు బయటికి పరుగెత్తే గుమ్మం ముందు. రేకు తుప్పు పట్టి ఉంటే అక్కడిదాకా కూడా పోదు, నేరుగా మంచం మీదికే దిగుతుంది.

కావలసినవి (10 × 12 అడుగుల గదికి)

- జె-బోల్టులు (కొస కొక్కెంలా వంగినవి), 8 మి.మీ. మందం: 90. ఒక్కోదానికి ఒక డాంబరు వాషర్, దాని మీదికి ఒక రేకు వాషర్. రేకులను మోసే అడ్డ పైపులు చదరపు గొట్టాలైతే జె-బోల్టు బదులు రబ్బరు వాషర్ ఉన్న సెల్ఫ్ స్క్రూలు అన్నే.
- ఇనుప పట్టీ, 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం. ప్రతి అడ్డ పైపు రెండు కొసలకూ ఒక్కో ముక్క. నాలుగు పైపులుంటే ఎనిమిది. ఒక్కో ముక్క ఆరేడు అడుగులు పడుతుంది.
- 12 మి.మీ. సలాక ముక్కలు, గోడ మందం కన్నా ఆరంగుళాలు పొడుగు, రెండు చివర్లా మర తీసినవి. వాటికి నట్లు, అరచేయంత ఇనుప బిళ్లలు.
- సిమెంటు ఒక బస్తా, ఇసుక.
- ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు (దుకాణంలో 'కూల్ రూఫ్' అని అడగండి): 4 నుంచి 5 లీటర్లు. తీగ బ్రష్, సబ్బు పొడి, పాత రేకులకు రెడాక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర పూత).
- వెదురు తడకలు గది వైశాల్యానికి సరిపడా, కట్టడానికి జి.ఐ. తీగ (జింకు పూసిన ఇనుప తీగ).
- రెండు పొడుగాటి చెక్క పలకలు, తాడు, తట్ట, నిచ్చెన. ఇద్దరు మనుషులు. ఒక్కరే ఎక్కొద్దు.

చేసే వరుస

వరుస మార్చకండి. చాలామంది చేసే తప్పు ముందు రాళ్లు దించేసి, బోల్టులు వచ్చే వారం చూద్దాంలే అనుకోవడం. ఆ వారంలోనే గాలి వస్తుంది.

1. కరెంటు చూడండి. స్తంభం నుంచి వచ్చే తీగ రేకుకు రాసుకుంటూ ఉండటం మన ఊళ్లలో మామూలే. ఎక్కే ముందు రేకుకు టెస్టర్ పెట్టి చూసి, మెయిన్ ఆపండి. తీగ తాకుతుంటే ముందు ఎలక్ట్రీషియన్, తర్వాతే మేస్త్రి.

2. అడ్డ పైపులు దేని మీద కూర్చున్నాయో చూడండి. లోపలి నుంచి ఒక్కో పైపును భుజంతో పైకి ఎత్తి చూడండి. కదిలిందంటే అది గోడలో మట్టిలోకి గుచ్చి వదిలేసిందే. అలాంటి పైపుకు రేకును ఎంత గట్టిగా బిగించినా లాభం లేదు, గాలికి రేకూ పైపూ కలిసే లేస్తాయి. చెక్క వాసాలైతే కొసల్లో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే చెద తిన్నట్టు, మార్చాల్సిందే. చెక్క గుంజల మీద కప్పు నిలిచిన ఇళ్లలో గుంజ అడుగు భాగం కూడా ఇలాగే చూడాలి.

3. పైపులను గోడకు కట్టండి. ఈ పని మీదే మిగతా అంతా నిలబడుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాం. పైపు కొస గోడ మీద ఆనిన చోట నుంచి రెండున్నర అడుగులు కిందికి కొలవండి. అక్కడ గోడకు ఆరపార ఒక రంధ్రం కావాలి. ఇటుక గోడైతే డ్రిల్లుతో చేయండి. రాతి గోడైతే డ్రిల్లు, సమ్మెట రెండూ వద్దు. గోడ అదిరి లోపలి మట్టి జారుతుంది. గడ్డపార మొనతో ఒక చిన్న రాయిని నెమ్మదిగా కదిపి ఊడదీయండి, అవతలి వైపూ అదే ఎత్తులో అలాగే చేయండి. సలాకను ఆరపార దూర్చి, ఖాళీని 1:3 సిమెంటు ఇసుకతో నింపండి. మూడు రోజులు తడుపుతూ ఉంచండి.

తర్వాత పట్టీని పైపు మీదుగా వేసి, రెండు కొసలూ గోడకు ఇటూ అటూ దించి, ఆ సలాకకు తొడిగి, బిళ్ల వేసి నట్టు బిగించండి. ఇప్పుడు గాలి కప్పును లేపాలంటే పైనున్న రెండున్నర అడుగుల గోడ బరువును కూడా లేపాలి. పట్టీని గోడ పై వరస రాయికే కట్టేసి వదిలేసేవాళ్లుంటారు. ఆ ఒక్క రాయి బరువు ఎంతని? గాలికి అది రేకుతోపాటే ఎగిరి వస్తుంది.

పని అయ్యాక రెండో అడుగులోని భుజం పరీక్ష మళ్లీ చేయండి. చప్పుడు కూడా రాకూడదు.

4. రేకులు బిగించండి. పొద్దున 6 నుంచి 9 లోపే. ఆ తర్వాత రేకు మీద చేయి పెట్టలేరు. రాళ్లు ఇంకా పైనే ఉంటాయి. పని చేసే వరసలో ఉన్నవాటినే పక్కకు జరుపుతూ పొండి. పలకలు వేసి వాటి మీదే నడవండి, పైపుకూ పైపుకూ మధ్య రేకు మీద అడుగు వేయొద్దు.

బోల్టు ఎప్పుడూ రేకు ఎత్తు మడత మీదే. పల్లంలో కొడితే మొదటి వానకే కారుతుంది. చూరు వైపు, కొప్పు వైపు చివరి వరసల్లో ఒక మడత విడిచి ఒకటి, మధ్య వరసల్లో రెండు విడిచి ఒకటి. గాలి పట్టేది అంచులనే, పిసినారితనం అక్కడ వద్దు. రేకు మీద రేకు పక్కకు ఒకటిన్నర మడత, కిందికి ఆరంగుళాలు ఎక్కాలి. డాంబరు వాషర్ కొంచెం నొక్కుకునేదాకా బిగించి ఆపండి. అది చితికి పక్కలకు వచ్చిందంటే ఎక్కువైనట్టే, రెండేళ్లలో అక్కడ తుప్పు మొదలవుతుంది.

సిమెంటు రేకులైతే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, పొడి ఊపిరితిత్తులకు హాని. రంధ్రం చేసే చోట నీళ్లు పోస్తూ చేయండి, ముక్కుకు తడిబట్ట కట్టుకోండి, తీగ బ్రష్‌తో గీకొద్దు. బోల్టు కన్నా రంధ్రం 2 మి.మీ. పెద్దదిగా ఉంటే రేకు పగలదు. వాటి మీద పలక లేకుండా నిలబడితే మనిషి నేరుగా గదిలోనే పడతాడు.

5. ఇప్పుడు రాళ్లు దించండి. తట్టలో పెట్టి తాడుతో. విసరొద్దు, రేకు మీద దొర్లించొద్దు. కింద పిల్లలు లేకుండా చూసుకోండి. దించినవాటిని గోడ వారగా పేర్చకండి, అది తేళ్లకు ఇల్లు కట్టివ్వడమే.

డబ్బు అందకపోతే? అప్పుడు తక్కువలో తక్కువ మూడో అడుగు చేసి, రేకుల మీద చూరు దగ్గర ఒకటి, కొప్పు దగ్గర ఒకటి అంగుళం ఇనుప గొట్టాలు అడ్డంగా వేసి, వాటి కొసలను అడ్డ పైపులకు జి.ఐ. తీగ మూడు చుట్లతో కట్టేయండి. ఒక సీజన్ గడుస్తుంది. రాళ్ల బదులు ఇసుక సంచులు పెడదామని అడుగుతారు. ఎండకు ఆ ప్లాస్టిక్ సంచి కొన్ని నెలల్లోనే పొడిపొడి అవుతుంది, మిగిలేది రేకు మీద ఇసుక, దాని కింద తుప్పు.

6. తెల్ల రంగు. హోళీ లోపు చేసుకోవడం మంచిది. తర్వాత రేకు వేడికి రంగు కుంచె కిందే ఎండిపోయి చారలు పడుతుంది. సబ్బు నీళ్లతో కడిగి, తుప్పును గీకి, గీకిన చోట రెడాక్సైడ్ వేసి ఒక రోజు ఆగండి. ఆ తర్వాత తెల్ల రంగు రెండు పూతలు, రెండోది మొదటిదానికి అడ్డంగా, మధ్యలో డబ్బా మీద రాసినంత సేపు విడిచి. కొత్త మెరిసే రేకు మీద ఏ రంగూ నేరుగా పట్టదు. జింకు రేకులకని అమ్మే ప్రైమర్ ముందు వేయాలి. వేసిన వారానికి సెల్లో టేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగి చూడండి. టేపుతో పొర ఊడి వచ్చిందంటే కడగడం సరిగా కాలేదు.

రంగు బదులు సున్నం వేయొచ్చా? సిమెంటు రేకుల మీదా, స్లాబు మీదా హాయిగా వేయొచ్చు. కిలో సున్నానికి ఐదు లీటర్ల నీళ్లు, ఒక రోజు నానాక గుడ్డలో వడకట్టి, అంటుకోవడానికి కొంచెం జిగురు కలిపి. అయితే ఏటా మళ్లీ వేయాలి. జింకు రేకు మీద మాత్రం వద్దు, తడి సున్నం జింకు పూతను తింటుంది. వెండి రంగు వేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. అది వెలుతురును తిప్పికొడుతుంది కానీ తాను పట్టిన వేడిని తెలుపులాగా బయటికి వదలదు. అదే డబ్బుకు తెలుపు మేలు.

బల్లార్పూర్, రాజురా, ఘుగ్గుస్ చుట్టుపక్కలవాళ్లకు ఒక మాట. బొగ్గు పొడి పడి తెల్ల కప్పు ఏడాదిలో బూడిద రంగుకు తిరుగుతుంది. రంగు చెడిందని మళ్లీ కొనకండి. ఏటా ఎండలు ముదిరే ముందు ఒకసారి చీపురుతో రుద్ది కడగండి.

7. తడక కప్పు. రేకుకు కనీసం ఆరంగుళాలు కింద, మేదరివాళ్ల దగ్గర దొరికే వెదురు తడకలను అడ్డ పైపులకు తీగతో వేలాడదీయండి. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో వెదురుకు కొరత లేదు. రెండు కొసల్లో త్రికోణపు గోడల్లో ఒక్కో అడుగు చదరం కిటికీ తీసి ఇనుప జాలీ కొట్టండి. రేకుకూ తడకకూ మధ్య వేడి గాలి అటు పోవాలి. చాలామంది తడక కడతారు, ఈ కిటికీ మాత్రం పెట్టరు, తర్వాత ఏం తేడా లేదంటారు. గోడలు రాతివైతే ఆ త్రికోణపు భాగం రాయి తీసేసి అక్కడ కూడా రేకో తడకో పెట్టుకోవడం మరీ మంచిది. భూమి కదిలినప్పుడు పైన ఏ ఆధారమూ లేని ఆ ముక్కే ముందు పడుతుంది.

థర్మకోల్ వద్దు, నిప్పు అంటితే నిమిషాల్లో కరిగి మీద పడుతుంది. తడకనైనా పొయ్యికి పైన నాలుగడుగుల దూరం వరకు కట్టొద్దు. జొన్న చొప్ప, గడ్డి రేకుల మీద పరవడం కూడా నిప్పుతో చెలగాటమే. పైగా ఒక వాన పడితే దాని బరువు రెట్టింపు.

ఫలితం చూసుకోవడం

పగలు తలుపులు మూసి లోపల నిలబడి పైకి చూడండి. వెలుతురు చుక్క కనబడిన ప్రతి చోటా వాన దిగుతుంది. ఇది తడక కట్టక ముందే చూడాలి.

వేడికి: గోడకు కాకుండా గది మధ్యలో, మంచం ఎత్తులో థర్మామీటర్ వేలాడదీసి మధ్యాహ్నం 3 గంటలకు రాసుకోండి. పనికి ముందు మూడు రోజులు, తర్వాత అలాంటి ఎండే ఉన్న మూడు రోజులు. లోపలి గాలి రెండు మూడు డిగ్రీలు తగ్గితే పని బాగా అయినట్టు. పది తగ్గుతాయని చెప్పేవాడు రంగు అమ్ముకునేవాడు. అయితే థర్మామీటర్ చూపించని లాభం ఇంకోటి ఉంది. పైనుంచి నెత్తి మీదికి కొట్టే సెగ ఆగిపోతుంది. పడుకుంటే తెలుస్తుంది. దూరం నుంచే వేడి కొలిచే తుపాకీలాంటి మీటరుతో మెరిసే రేకును కొలవకండి, అది తప్పు చూపిస్తుంది. ముందు రేకుకు నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దాని మీద కొలవండి.

మట్టి మిద్దె ఉన్నవాళ్లకు

మరాఠీలో మాళవద్ అంటారే, అది. చల్లగా ఉండే మాట నిజం. లెక్క కూడా చూడండి. అడుగు మందం మట్టి అంటే చదరపు మీటరుకు అర టన్ను దగ్గర. 10 × 12 గది మీద ఐదు టన్నులకు పైనే. అదే గదికి ఇనుప రేకులు వంద కిలోలు కూడా ఉండవు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 3:56కి లాతూరు జిల్లా కిల్లారి దగ్గర భూకంపం వచ్చినప్పుడు జనం ఇళ్లలో నిద్రలో ఉన్నారు. మట్టితో కట్టిన రాతి గోడలు, వాటి మీది ఆ బరువు కలిసి మీద పడ్డాయి. దాదాపు పది వేల మంది పోయారు.

ఏటా వానల ముందు కారకుండా మరో పొర వేయడం వల్లే మందం పెరుగుతూ వచ్చింది. ఇప్పుడు చేయాల్సింది తవ్వి తగ్గించడం. ఎనిమిది అంగుళాలు మించకుండా ఉంచి, దాని మీద తార్పాలిన్ పరచి, పైన పలుచగా మట్టి పెంకు. తవ్వే ముందు లోపల దూలాల కింద తాత్కాలిక గుంజలు పెట్టండి. కప్పు అంతటా అంగుళం అంగుళం సమంగా తీయండి. సగం కప్పు ఖాళీ, సగం బరువు అయితే గోడ ఒరుగుతుంది. తీసిన మట్టిని అంచున కుప్ప పోయొద్దు. ఎంత మందముందో తెలియకపోతే సన్నని సలాకతో రెండు మూడు చోట్ల పొడిచి కొలవండి. మీరనుకున్నదానికి ఎక్కువే తేలుతుంది.

రాతి గోడ సంగతి: అది చూడ్డానికి ఒకటే అయినా నిజానికి రెండు పొరలు, మధ్యలో మట్టీ చిన్న రాళ్లూ. రెండింటినీ కలిపే ఆరపార రాయి లేకపోతే పొరలు విడిపోయి ఉబ్బుతాయి. గుండు దారం (కొసకు బరువు కట్టిన దారం) పైనుంచి వదిలి చూడండి, మధ్యలో రెండు వేళ్లు ఉబ్బితే ఆ గోడ పక్కన మంచం వేయొద్దు. ఉబ్బని గోడకు ప్రతి చదరపు మీటరుకు ఒకటి చొప్పున పై పద్ధతిలోనే రాళ్లు ఊడదీసి, రెండు చివర్లా వంచిన 8 మి.మీ. సలాకను పెట్టి కాంక్రీటు నింపొచ్చు. ఈ పని తెలిసిన ఇంజినీరు వచ్చి గుర్తులు పెట్టాకే మొదలుపెట్టండి. ఉబ్బిన గోడను మాత్రం విప్పి కట్టుకోవాల్సిందే.

పగుళ్లకు సులువైన కొలత ఉంది. పగులు కొస దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. పగులు మీద అడ్డంగా జిప్సం ముద్ద ఒకటి పట్టించండి. నెలలో ముద్ద చీలినా, పగులు గీత దాటినా గోడ ఇంకా కదులుతోంది. మూలల్లో నిలువు పగులు కిటికీ మూలల ఏటవాలు పగులు కన్నా చెడ్డది. రెండు గోడలు ఒకదాన్నొకటి వదిలేస్తున్నాయని అర్థం.

పని అయ్యాక రోజువారీ

కూలర్ పెట్టుకుంటే ఎదురు కిటికీ తెరిచి ఉంచండి, లేకపోతే గది చల్లబడదు, ఉక్కపోస్తుంది. ఇనుప కూలర్‌కు మూడు పిన్నుల ప్లగ్గు, ఇంటికి సరైన ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తానే ఆపేసే స్విచ్చి) ఉండాలి. నీళ్లు పోసే ముందు ప్లగ్గు పీకేయండి, స్విచ్చి ఆపడం చాలదు. గది 40 డిగ్రీలు దాటితే ఉత్త ఫ్యాను గాలి ఒంటికి వేడే. తడి తువ్వాలు కప్పుకుని దాని కింద కూర్చోండి.

లీటరు నీళ్లకు గీటు కొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి రోజంతా కొంచెం కొంచెం తాగండి. ఏ రోజుది ఆ రోజే. ఎండలో నుంచి వచ్చిన మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా అది వడదెబ్బే. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి విసరండి. చంకల్లో, మెడకు, గజ్జల్లో చల్లని గుడ్డలు పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. జ్వరం మాత్ర వేయొద్దు, ఈ వేడికి అది పనిచేయదు.

ఎండాకాలం వాకిట్లో పడుకునేవాళ్లు మంచాన్ని గోడకు ఆనించకుండా, గోడ ఎంత ఎత్తుందో అంతకు ఒకటిన్నర రెట్లు దూరంగా వేసుకోండి. లోపల పడుకునేవాళ్లు అటక కింద, ఇత్తడి బిందెల వరస కింద పడుకోవద్దు. బరువులన్నీ నేల మీదికి, బీరువా గోడకు బిగింపు.

కదిలినప్పుడు: తలుపు తెరిచి ఉండి రెండంగల్లో బయట పడగలిగితే బయటికి, చూరు దాటి దూరంగా. అంత దగ్గర లేకపోతే గట్టి మంచం కిందో బల్ల కిందో దూరి, దాని కాలు పట్టుకుని, తల దాచుకోండి. గుమ్మంలో నిలబడాలన్నది పాత మాట, అది పట్టించుకోకండి. ఆగాక గ్యాసు రెగ్యులేటర్ కట్టేసి, మెయిన్ ఆపి, బయటికి రండి. గోడల పగుళ్లు చూసుకోకుండా లోపలికి వెళ్లొద్దు. హింగోలిలోలా పది నిమిషాలకే రెండోది రావచ్చు.

బోల్టులు మొదటి గాలిదుమారం తర్వాత ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి పానాతో తడిమి చూడండి. కొత్తగా బిగించినవాటిలో కొన్ని మొదటి ఏడాది పావు చుట్టు వదులవుతాయి, ముఖ్యంగా చూరు వరసలో.